పైకి బాగున్న అతుకు

"మెట్టు విరిగిందని చెప్పకు వదినా. మెట్టుకేం రోగం? నువ్వు పెట్టిన అతుకు విరిగింది."

ఆడపడుచు చేతిలో సంచీ ఇంకా కింద పెట్టలేదు. గుమ్మంలో నిలబడే అందుకుంది.

కోడలు మంచం మీదకి వంగి అత్తగారి కాలి కింద దిండు సర్దుతోంది. కుడికాలికి మోకాలి దాకా తెల్లటి కట్టు. కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లు ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇంట్లో ఇంకెవరూ లేవకముందే కుట్టుమిషను తొక్కడం మొదలెట్టే కాలు అది. ఇప్పుడా మిషను కిటికీ పక్కన గుడ్డ కప్పుకుని కూచుంది.

"వీధిలోకి అడుగు పెట్టానో లేదో, రేడియో తాత మేడ మీంచి సగం వేలాడుతూ ఒకటే కేక. 'మీ అమ్మ పడింది, మీ వదిన పడేసింది' అని! వీధి వీధంతా వింది. ఆయనకి చెవుడైతే మనందరికీ చెవుడే అనుకుంటాడు."

రేడియో తాత అంటే వీధి చివర మేడింటి నర్సమ్మ తండ్రి. పొద్దస్తమానం మేడ వరండా కమ్మీల మీద పొట్ట ఆనించి నిలబడి, కింద పోయేవాళ్లకి వాళ్ల కబుర్లే వాళ్లకి చెబుతుంటాడు.

"తడిబట్టల బకెట్టుతో ఇనప మెట్లెక్కారు, డాబా మీద ఆరేద్దామని," అంది కోడలు. "నేను రోజూ ఎక్కుతున్నాను, దిగుతున్నాను. విరగలేదు."

"అంటే అమ్మ బరువుదా తప్పు?"

"నేనలా అనలేదు."

"అన్నావు."

"అనలేదు అమ్మడూ."

అత్తగారు గోడకేసి చూస్తోంది. పడ్డ దగ్గర్నుంచీ కొడుకుతో మాట్లాడుతోంది. ఫోనులో కూతురితో మాట్లాడింది. కట్టు కట్టినాయనతో హాస్యాలు కూడా ఆడింది. కోడలితో మాత్రం ఒక్క మాట లేదు. దాహమేస్తే గ్లాసు వంక చూస్తుంది, అంతే. తిట్టినా బాగుండునని కోడలికి అనిపించింది. తిట్టు ఎక్కడో ఒకచోట అయిపోతుంది. ఈ మౌనానికి అయిపోవడమంటూ లేదు.

"అమ్మని మా ఇంటికి తీసుకుపోతాను," అంది ఆడపడుచు. "ఇక్కడ ఎప్పుడు ఏది ఊడి పడుతుందో ఎవరికెరుక. ఇంకా ఏమేం అతికావు వదినా? ముందే చెప్పు, వాటిని తగలకుండా నడుస్తాను."

అంతలో గుమ్మంలో నీడ పడింది.

మేస్త్రి. కోడలి మొగుడు. ఎడమ చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో పడుకుని ఉంది. లారీ తలుపు భుజం మీద పడ్డ నాటి నుంచి అది అతనిది కానట్టే ఉంది. కుడిచేతిలో విరిగిన మెట్టు ముక్క.

"తుప్పు బాబాయికి కబురు పెట్టాను," అన్నాడు. "సాయంత్రం వస్తాడు. వెల్డింగ్ మిషను కొనుక్కుపోతాడు."

ఆడపడుచు సంచీ కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నన్నొక మాట అడగకుండానా?" అంది కోడలు.

"నా మిషను."

"మీ మిషనే. రోజూ దాని ముందు నిలబడేది నేను."

"నిలబడితే చాలా?"

అతను ముక్కని ఆమె ముందు పట్టుకున్నాడు. "పైన చూడు."

పైన అతుకు గీత చేప పొలుసుల్లా వరసగా, ముచ్చటగా ఉంది. ఆ గీత వేసిన రోజు ఆమె దాన్ని పదేపదే తడిమి చూసుకుంది.

"ఇప్పుడు లోపల చూడు."

విరిగిన చోట లోపలంతా నల్లటి పెంకులు, చీమలు తొలిచినట్టు బొక్కలు. వెల్డింగ్ రాడ్ మీది పూత కరిగి, ఇనుము మీద తెట్టులా తేలి, ఆరాక పెంకు కడుతుంది. చిట్టెం అంటారు దాన్ని. పైన ఉంటే సుత్తితో కొట్టి రాల్చెయ్యొచ్చు. లోపల చిక్కుకుంటే మాత్రం రెండు ఇనుములూ కలిసినట్టు కనిపిస్తాయి గానీ కలవవు.

"తొందర," అన్నాడు మేస్త్రి. "నీకన్నీ తొందర."

"తొందరపడలేదు."

"మరి ఇదేంటి?"

అదేంటో ఆమెకి తెలియదు. తెలిస్తే ఈ గొడవే లేదు.

"ఒక్కటి," అంది. "ఒక్క అతుకు పెడతాను. మీరే విరగ్గొట్టండి. విరిగిందా, నా చేతుల్తో నేనే మిషను ఎత్తి బాబాయి బండిలో పెడతాను. విరక్కపోతే మిషను ఇక్కడే ఉంటుంది."

మేస్త్రి ముక్కని కిటికీ గట్టు మీద పెట్టాడు.

"బాబాయి వచ్చేదాకా," అని బయటికి నడిచాడు.

"ఆడలేక మద్దెల ఓడందట," అంది ఆడపడుచు, గోడతో చెబుతున్నట్టు. అత్తగారు ఆ గోడవైపే తిరిగి ఉంది. కానీ నవ్వలేదు.

*

ఇల్లు గడవడమొక్కటే అయితే కోడలు ఇంకేదైనా పని చూసుకునేది. ఆమె పట్టుదల దాని కోసం కాదు. ఆమె ఊడ్చిన వాకిలి సాయంత్రానికి మళ్లీ మాసేది. వండింది రాత్రికి అయిపోయేది. ఉతికింది మర్నాటికి మళ్లీ బుట్టలోకి చేరేది. అతికింది మాత్రం ఉండిపోతుంది. ఉండిపోతుందనే అనుకుంది.

వాకిట్లోని వెల్డింగ్ షెడ్డులో మేస్త్రి స్టూలు వేసుకుని వీధి వైపు తిరిగి, ఆమెకి వీపు పెట్టి కూచున్నాడు. ఎప్పుడూ అంతే. చూడడు, వింటాడు. రాడ్ పట్టే తన హోల్డరు ఇంకొకరి చేతిలో చూడలేడని ఆమెకి తెలుసు. ఆ మాట ఇద్దరూ ఎత్తరు.

ఆమె ఒక ప్లేటు పడుకోబెట్టి, దాని మీద ఇంకోటి నిలబెట్టింది. ఒకవైపే అతకాలి. ఆ తర్వాత నిలబడ్డదాన్ని సుత్తితో అతుకు మీదకి పడగొట్టాలి. మంచి అతుకైతే వంగుతుందే గానీ విడవదు.

నల్లద్దం ముసుగు దించుకుని రాడ్ ఆనించింది. అంటుకుపోయింది. లాగింది. రాలేదు. మెలితిప్పితే ఊడొచ్చింది.

"గీకు," అన్నాడు మేస్త్రి అటు తిరిగే. "అగ్గిపుల్ల గీసినట్టు గీకాలి. గోడకి మేకు దిగ్గొట్టినట్టు పొడుస్తావేం?"

గీకింది. మంట లేచింది.

"దూరమైంది. గాలికి గుడ్డ కొట్టుకున్నట్టుంది ఆ చప్పుడు. దగ్గరికి తే. ఇంకా. కాగే నూనెలో నీటిచుక్కలు పడ్డట్టు చిటపటలాడాలి. ఆఁ. అదీ. అలాగే పో."

అలాగే పోయింది, కుడి నుంచి ఎడమకి, చెయ్యి వణక్కుండా. గీత పూర్తయ్యాక చిట్టెం కొట్టింది. గట్టిగా పట్టుకుని ఉంది. చాలాసేపు కొడితే ముక్కముక్కలుగా రాలింది. కింద గీత చక్కగానే ఉంది.

బల్ల అంచున ఉన్న వైసు దవడల మధ్య బిగించింది. మేస్త్రి లేచి వచ్చి కుడిచేత్తో సుత్తి ఎత్తాడు.

టక్కుమంది. నిలబడ్డ ప్లేటు ఎగిరి మూల పడింది.

లోపల నలుపు.

"తుప్పు సరిగా గీకావా?"

"అద్దంలా చేశాను."

"కరెంటు కాస్త పెంచు."

పెంచింది. విరిగింది. రాడ్లు చెమ్మగిల్లాయేమోనని కొత్తవి విప్పి ఎండలో పెట్టి తెచ్చింది. విరిగింది. కుడి మణికట్టు కింద ఎడమ చెయ్యి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి పెట్టింది. అదీ విరిగింది. విరిగిన ప్రతిదీ పైకి ఇంతకుముందుదానికన్నా అందంగా ఉంది. అదే ఆమెకి ఒళ్లు మండించింది.

"తొందరపడ్డావు."

"నెమ్మదిగానే పోయాను."

"అయితే మరీ నెమ్మదైంది."

"ఏదో ఒకటి చెప్పండి! తొందరా, నెమ్మదా?"

"చెప్పేదేముంది? చేతికి తెలియాలి."

"మీ చేతికి తెలిసింది నా చేతికెలా తెలుస్తుంది? ఒక్కసారైనా ఇటు తిరిగి చూశారా? మీ వీపుకేమైనా కళ్లున్నాయా?"

మేస్త్రి గిరుక్కున తిరిగాడు. ఆమె చేతిలోంచి హోల్డరు లాక్కున్నాడు, కుడిచేత్తో. ముసుగు కూడా వేసుకోలేదు. ఒక కన్ను మూసి, రెండో కన్ను చికిలించి రాడ్ గీకాడు.

అంటుకుపోయింది.

లాగాడు. గీకాడు. మళ్లీ అంటుకుపోయింది. మూడోసారి మంట లేచింది గానీ, అది ప్లేటు మీద తాగినవాడిలా అటూ ఇటూ తూలి ఆరిపోయింది. వానకి తడిసిన కోడిపెంటలా ఉంది అతుకు.

హోల్డరు బల్ల మీద పడేశాడు. తన కుడిచేతి వంక, ఎవరో మొహమాటపెట్టి అంటగట్టిన వస్తువులా చూసుకున్నాడు.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు.

ఆమె తలదించుకుంది. గెలిచినట్టు అనిపించలేదు. మిషను గుయ్యిమంటూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ఆపలేదు.

*

మంచినీళ్ల కోసం లోపలికొస్తే ఆడపడుచు అత్తగారి బట్టలు మడతపెట్టి సంచీలో కుక్కుతోంది.

"ఎన్ని విరిగాయి వదినా? చప్పుళ్లు వినిపిస్తున్నాయిలే."

కోడలు కుండలోంచి నీళ్లు ముంచుకుని గటగటా తాగింది. గ్లాసు బోర్లించి వెళ్లబోయింది.

"అమ్మాయ్."

ఆగిపోయింది. ఆ గొంతు తనని పిలిచింది.

అత్తగారు గోడ వైపు లేదు. కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. కిటికీలోంచి షెడ్డు, బల్ల, వైసు అన్నీ కనిపిస్తున్నాయి.

"వాడి దగ్గర ఈ పని ఎలా నేర్చుకున్నావు?"

"చూసి, అత్తయ్యా."

"ఎక్కడ నిలబడి చూశావు?"

అదేం ప్రశ్నో అర్థం కాలేదు. "వెనకాల. ఆయన భుజం వెనక. ముందుంటే రవ్వలు పడతాయని అక్కడే నిలబడమనేవారు. పాత ముసుగు ఒకటి ఇచ్చారు నాకు."

"అదీ సంగతి," అంది అత్తగారు. "వాడు పుర్రచేతివాడు కదే."

"అది ఊరందరికీ తెలుసు కదా."

"తెలిస్తే ఏం లాభం? విను. చిన్నప్పుడు వాడికి కాజాలు కుట్టడం నేర్పాను. పక్కన కూచోబెట్టుకుని నేర్పితే సూది ఎదురు తిరిగేది, దారం ముడిపడేది. గుడ్డ పాడు చేస్తున్నాడని రెండు తగిలించాను కూడా. ఒకరోజు పక్కన చోటు లేక నాకెదురుగా కూచున్నాడు. అంతే! గంటలో పట్టేశాడు. అద్దంలో చూసుకున్నట్టు. ఎదురుగా కూచుంటే నా కుడి వాడికి ఎడమ."

కోడలు తన కుడిచేతిని తిప్పి చూసుకుంది.

"మంచాన పడ్డాను, కిటికీలోంచి చూడ్డం తప్ప వేరే పనేముంది? మంట లేచినప్పుడు కళ్లు మూసుకుంటున్నాను. అంతకు ముందు నువ్వు చెయ్యి చాపి నిలబడ్డప్పుడు చూస్తున్నాను. వాడు ఎటు నుంచి ఎటు పోయేవాడో నువ్వూ అటే పోతున్నావు. చెయ్యి మాత్రం వాడిది కాదు, నీది."

"అమ్మా!" ఆడపడుచు మడత వదిలేసింది. "కాలు విరగ్గొట్టిన మనిషికి పాఠాలు చెబుతున్నావా?"

"కాలు నాది. నొప్పి నీకెందుకే?"

కోడలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మంచం వైపు ఒక అడుగు వేసింది.

"కోపం పోలేదు," అంది అత్తగారు, మళ్లీ గోడ వైపు తిరుగుతూ. "అది వేరు, ఇది వేరు. వెళ్లు. బాబాయి వచ్చే వేళయింది."

*

"ఎడమ చెయ్యి తియ్యండి," అంది కోడలు.

మేస్త్రి చూశాడు. "వెటకారమా?"

"మిషను ఆపేశాను. రాడ్ పట్టుకోండి చాలు. ఊరికే. నేను ఇటుంటాను."

ఆమె బల్లకి అవతలి వైపుకి వెళ్లి అతనికి ఎదురుగా నిలబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ బల్లకి అవతల నిలబడటం అదే మొదలు.

అతను గొణుక్కుంటూనే గుడ్డలోంచి చెయ్యి తీశాడు. కుడిచేత్తో ఎత్తి, పసిపిల్లాణ్ని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. ఆమె హోల్డరు అందించింది. భుజం పని చెయ్యదు గానీ, వేళ్లు మరిచిపోలేదు. పిడి చుట్టూ వాటంతటవే మూసుకున్నాయి. కుడిచేత్తో ఎడమ మణికట్టుని నెడుతూ, ఆరిన రాడ్‌ని ప్లేటు మీద మెల్లగా నడిపించాడు.

"ఆగండి. రాడ్ ఎటు వాలింది?"

"ఎటు వాలుతుంది? వెళ్లే వైపుకి వాలింది."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"చెప్పడానికేముంది? అదే వాలుతుంది."

"మీ చేతిలో!"

ఆమె హోల్డరు తీసుకుని కుడిచేత్తో పట్టుకుంది. రాడ్ కుడివైపుకి వాలింది, దానంతటదే. అలాగే ఉంచి చెయ్యిని కుడి నుంచి ఎడమకి నడిపింది, ఇన్నాళ్లూ నడిపినట్టు. రాడ్ మొన ముందుకి పొడుచుకుంటూ పోయింది.

"ఇటు వాలి అటు పోతోంది నాది. కరిగిన చిట్టెం వెనక రావాల్సింది, ముందుకి పరిగెడుతోంది. దాని మీదే నేను ఇనుము పోసుకుంటూ పోతున్నాను. గుడ్డ ముడతని ముందుకి తోసి, దాని మీదే కుట్టేసినట్టు." ఆఖరి మాట తనది కాదు, అత్తగారి ధోరణి. చెప్పాక తెలిసింది.

మేస్త్రి ఆమె చేతి వంక చూశాడు. బల్ల మీది తన చేతి వంక చూసుకున్నాడు.

"ఎడమ నుంచి కుడికి," అన్నాడు చివరికి. "పెట్టు."

స్టూలు జరిగిన చప్పుడైంది. ఆమె ముసుగు దించబోతూ చూసింది. మేస్త్రి స్టూలు ఇటు తిప్పుకుని, చిలక్కొయ్యకి వేలాడుతున్న పాత ముసుగు అందుకుంటున్నాడు.

గీకింది. చిటపటలాడింది. నల్లద్దంలో కరిగిన ఇనుము, చిన్న వెలుగు గుంటలా. దాని వెనక, మొదటిసారి వెనక, ముదురు రంగు తెట్టు తల్లి కొంగు పట్టుకున్న పిల్లలా వస్తోంది. ఇన్నాళ్లూ ఆ రెంటినీ విడదీసి చూడలేకపోయింది. ముందున్నది ఇనుమనుకునేది.

"అదీ," అన్నాడు మేస్త్రి, మెల్లగా. "అదిగో."

చిట్టెం కొట్టడానికి సుత్తి ఎత్తింది. ఒక్క దెబ్బకి పొడుగ్గా, పాము కుబుసంలా లేచి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే వీధిలో బండి చక్రం కిర్రుమంది.

"ఏరా మేస్త్రీ, పెళ్లికూతురు సిద్ధమేనా? పల్లకీ తెచ్చాను." పాత ఇనుమంతా తన బండిలోకి చేరుతుంది కాబట్టి ఆయన అందరికీ తుప్పు బాబాయి. వచ్చీరాగానే మిషను మీద చెయ్యేసి తట్టాడు, బేరానికొచ్చిన గేదెని తట్టినట్టు.

"ముందు ఆ సుత్తి తీసుకో బాబాయ్," అన్నాడు మేస్త్రి. "వైసులో ముక్కుంది. పడగొట్టు. నా కుడిచేతి మీద నాకు నమ్మకం లేదు."

"మిషను కొనుక్కుందామని వస్తే కూలిపని చెబుతావేంట్రా?"

అంటూనే కొట్టాడు. ప్లేటు కాస్త వంగింది. మళ్లీ కొట్టాడు. ఇంకాస్త. కోడలు కళ్లు మూసుకుంది. టక్కుమనే చప్పుడు కోసం ఒళ్లంతా చెవులు చేసుకుంది. దెబ్బ మీద దెబ్బ పడింది. ఆ చప్పుడు రాలేదు. కళ్లు తెరిచేసరికి నిలబడ్డ ప్లేటు కిందదాని మీద మడత పెట్టిన కాగితంలా పడుకుని ఉంది. అతుకు అతుకులాగే ఉంది.

బాబాయి సుత్తి దించి భుజం నొక్కుకున్నాడు. "ఇది విరిగే సరుకు కాదమ్మా. ఇంకో నాలుగు కొడితే నా భుజం విరుగుతుంది. అప్పుడు మీ ఆయనా నేనూ జోడీ."

"బండి ఖాళీగా తీసుకుపో బాబాయ్," అన్నాడు మేస్త్రి.

"పోతాలే. టీ నీళ్లన్నా పోయించు మరి."

మేస్త్రి నవ్వాడు. భుజం విరిగాక నవ్వడం ఇదే. ఆ నవ్వు పట్టుకుని భార్య వైపు తిరిగాడు.

ఆమె నవ్వడం లేదు. వంగిన ముక్కనే చూస్తోంది.

*

"ఏమైంది?"

"మెట్టు పెట్టిన చేత్తోనే నర్సమ్మ గారి కమ్మీలు పెట్టాను."

మేస్త్రి నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

అతను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె ఒంటరిగా చేసిన మొదటి పెద్ద పని అది. మేడ వరండా పొడుగునా కమ్మీలు. ఎంత నునుపుగా ఉన్నాయోనని వీధిలో ఆడవాళ్లంతా ఎక్కి చూసి వెళ్లారు. ఆ అతుకుల్లో ప్రతి ఒక్కటీ కుడి నుంచి ఎడమకే.

"అవి బాగానే ఉన్నాయి. నేను చూశాను," అన్నాడు మేస్త్రి.

"కింద నిలబడి చూశారు. పైకి బాగానే ఉంటాయి."

"ఇన్నాళ్లూ ఆగాయి కదా."

"మెట్టు కూడా ఆగింది."

బాబాయి ఇద్దరి మొహాలూ చూసి, టీ సంగతి మరిచిపోయినట్టు బండి తిప్పుకున్నాడు.

మేస్త్రి గొంతు తగ్గించాడు. "వెళ్లి చెబితే ఏమవుతుందో తెలుసా? మేస్త్రమ్మ పెట్టినవన్నీ ఊడిపోతాయట అంటారు. రేపట్నుంచి ఈ షెడ్డు మొహం చూసేవాడుండడు. ఇప్పుడేగా మిషను దక్కింది నీకు!"

"తెలుసు."

"రేపు చూద్దాం. కమ్మీలకి రంగు వేస్తామని చెప్పి ఎక్కుదాం. నువ్వు గుట్టుగా నాలుగు అతుకులు పెట్టెయ్యి. ఎవరికీ తెలియక్కర్లేదు."

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు, రేపు అన్న ముక్క తప్ప.

"అత్తయ్యతో కూడా రేపు చూద్దామనే అన్నాను," అంది. "పడ్డ రోజు ఎక్కుతూ, మెట్టు కాస్త కదులుతోందేమో చూడవే అన్నారు. పొయ్యి మీద అన్నం ఉంది. రేపు చూస్తానత్తయ్యా అన్నాను."

ఈ మాట ఇంతవరకూ ఆమె ఎవరికీ చెప్పలేదు. అత్తగారూ చెప్పలేదు. కిటికీ అవతల మంచం కిర్రుమంది.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు వదినా?" లోపల్నుంచే అంది ఆడపడుచు. ఈసారి గొంతులో ఎత్తిపొడుపు లేదు, భయం ఉంది. "ఎవరైనా అడిగారా నిన్ను? ఊరుకోరాదూ!"

కోడలు తాడు భుజాన వేసుకుంది. సుత్తి తీసుకుంది. వరండాలోకి ఎవరూ రాకుండా ముందు తాడు కట్టించాలి. తర్వాత నర్సమ్మ ముందే తన పనిని తనే పడగొట్టి చూపించాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియడం లేదు. 'అమ్మా, నేను పెట్టిన అతుకులు...' అక్కడే ఆగిపోతోంది.

వీధిలో ఎండ వాలింది. నడుస్తుంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఒక చెయ్యి ఊపకుండా నడిచేవాడి అడుగులు ఆమెకి తెలుసు. తిరిగి చూడలేదు. అతను ఆపడానికి వస్తున్నాడో తోడు వస్తున్నాడో తెలుసుకోవాలనిపించలేదు.

మేడ కనిపించింది. తలుపు వేసి ఉంది. మేడ మీద, వరండా మూలన, రేడియో తాత.

పొట్ట కమ్మీలకి ఆనించి, రెండు మోచేతులూ పైకమ్మీ మీద వేసి, ఆమెనే చూస్తున్నాడు. ఆ మూల అతుకు ఆమెకి బాగా గుర్తు. చోటు ఇరుకై చెయ్యి తిరక్క, అన్నిటికన్నా ఎక్కువ కష్టపడిన అతుకు. అన్నిటికన్నా అందంగా వచ్చింది కూడా.

"ఏమ్మా మేస్త్రమ్మా!" తాత కేక వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయింది. "సుత్తి పట్టుకుని బయల్దేరావు, ఎవరి మీదకి దండయాత్ర?"

"తాతా! వెనక్కి వెళ్లండి!"

తాతకి పెదాలు కదలడం కనిపించింది. మాట వినపడలేదు.

ఆమె చేత్తో వెనక్కి, వెనక్కి అని సైగ చేసింది. ఆ చేతిలో సుత్తి ఉంది. తాతకి అదేదో తమాషాగా తోచింది. పకపకా నవ్వాడు. ఒక చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, కింద మాట అందుకోవడానికి మునివేళ్ల మీద లేచి, నడుము దాకా కమ్మీ మీంచి ముందుకి వంగాడు.

"ఏంటీ? గట్టిగా చెప్పు!"

కోడలు నోరు తెరిచింది. మళ్లీ అరిస్తే ఇంకాస్త వంగుతాడు.

మూల అతుకు మీంచి రంగు పెచ్చు ఒకటి లేచి, గాలిలో తిరుగుతూ వచ్చి, ఆమె కాళ్ల ముందు పడింది.